ర్యాంకు ఒకటే అయినప్పుడు సెక్షన్‌ని కలుపుకుపోవడం ఎలా

మన శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లకి ఆర్మీ పరుగు గురించి, పుషప్స్ గురించి చెప్పేవాళ్లు ఊరూరా ఉన్నారు. సెలెక్ట్ అయ్యాక పక్క మంచం వాడితో ఎలా నెగ్గుకురావాలో చెప్పేవాళ్లే తక్కువ. సెక్షన్ అనే చిన్న జట్టులో దాదాపు పదిమంది ఉంటారు, దాన్ని నడిపే హవల్దార్ చెబితే అందరూ చేస్తారు. మిగతావాళ్లు మీలాంటివాళ్లే. మీ మాట వినాలని వాళ్లకి రూలేమీ లేదు, అయినా పని అందరూ కలిసే చెయ్యాలి.

ముందు సమస్య ఏ రకందో తేల్చుకోండి. హార్వర్డ్‌లో నాయకత్వం మీద పాఠాలు చెప్పిన రొనాల్డ్ హైఫెట్జ్ వీటిని రెండుగా విడదీశాడు. తెలిసినవాడు చూపిస్తే తీరిపోయేది ఒకటి, మనుషులు తమ అలవాటో పంతమో భయమో వదులుకుంటే తప్ప తీరనిది ఇంకొకటి. రైఫిల్ విప్పి మళ్లీ బిగించడం రాకపోతే ఉస్తాద్ (ట్రైనింగ్ ఇచ్చేవాడు) నాలుగుసార్లు చూపిస్తే వచ్చేస్తుంది. కానీ పక్కవాడికి రాదని తెలిసి కూడా ఒకడు నేర్పకుండా ఊరుకుంటున్నాడంటే అది రెండో రకం, దానికి ఎన్ని క్లాసులు పెట్టినా లాభం లేదు.

ఎందుకు ఊరుకుంటాడంటే, 2022లో అగ్నిపథ్ (నాలుగేళ్లకి సైన్యంలోకి తీసుకునే పథకం) మొదలైనప్పుడు పెట్టిన నిబంధన ప్రకారం నాలుగేళ్లయ్యాక బ్యాచ్‌లో 25 శాతం మంది వరకే రెగ్యులర్‌గా ఉంటారు. అంటే మీ బడ్డీయే, మీతో జతగా ఉండేవాడే, మీకు పోటీ. ఇది అందరి కడుపులోనూ ఉంటుంది, ఎవరూ బయటికి అనరు, చాలా గొడవలకి మూలం ఇదేనని నా గట్టి నమ్మకం. కాబట్టి మీరే అనేయండి. ఆయుధాలు శుభ్రం చేసే టైమ్ దీనికి బాగుంటుంది: చేతిలో పుల్‌త్రూ (రైఫిల్ గొట్టం తుడిచే తాడు), నూనె గుడ్డ ఉంటాయి, ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు, మాట తేలిగ్గా వస్తుంది. "పోటీ ఉంది, నాకూ టెన్షనే. కానీ రేపు ఒక్కడు తప్పు చేసినా అందరం రగడా తింటాం. ఏం చేద్దాం?" అని అడిగి ఆగండి (రగడా అంటే ఒళ్లు హూనమయ్యేలా చేయించే శిక్ష). జవాబు మీ దగ్గరున్నా చెప్పకండి. ఆ కాసేపు నోరు కట్టుకోవడమే ఈ పద్ధతిలో అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే మీరు చెప్పింది మీ ప్లాన్ అవుతుంది, వాళ్ల నోట వచ్చింది వాళ్ల మాట అవుతుంది, తమ మాట మీద మనిషి నిలబడతాడు.

ఉదాహరణకి రాత్రి సెంట్రీ డ్యూటీ, అంటే కాపలా, సంగతి చూడండి. 12 నుంచి 2 వరకు ఎవరికీ ఇష్టం ఉండదు, నిద్ర రెండు ముక్కలైపోతుంది. మెత్తగా ఉండేవాడికే అది మళ్లీ మళ్లీ పడుతుంటే మీరు న్యాయం చెప్పడానికి దిగకండి. గత రెండు వారాలు ఆ డ్యూటీ ఎవరెవరు చేశారో ఒక కాగితం మీద రాసి అందరి మధ్యా పెట్టండి చాలు. లెక్క కళ్లముందు కనిపిస్తే వాదన అక్కడే సగం చల్లారుతుంది. మిగతా సగం వాళ్లే తేల్చుకుంటారు. కాస్త అరుచుకుంటారు కూడా, అరుచుకోనివ్వండి, మాటలు వ్యక్తిగతంగా మారితేనే మధ్యలోకి వెళ్లండి.

మనవాళ్లకి ఇంకో ఇబ్బంది హిందీ. తప్పు మాట్లాడితే నవ్వుతారని నోరు విప్పరు, అవతలివాళ్లేమో పొగరనుకుంటారు. లంగర్‌లో (భోజనాల దగ్గర) తెలుగువాళ్లంతా ఒకచోట చేరి తింటే ఆ దూరం ఇంకా పెరుగుతుంది. రోజుకి ఒక్కపూటైనా వేరేవాళ్లతో కూర్చోండి, వచ్చిన హిందీయే మాట్లాడండి. మన ఊరి కుర్రాడు ముభావంగా ఉంటే మాత్రం తెలుగులోనే పక్కకి పిలిచి "మావా, రెండ్రోజులుగా అదోలా ఉన్నావు, ఏటైంది?" అని అడగండి. నలుగురిలో అడగొద్దు.

ఇదంతా ఖాళీ ఉన్నప్పటి పని. ఫైరింగ్ రేంజ్‌లో, ఆపరేషన్‌లో ఆర్డర్ వచ్చిందంటే చర్చ లేదు, చేసెయ్యడమే. నచ్చకపోతే ఎక్సర్‌సైజ్ అయ్యాక డీబ్రీఫ్‌లో, అంటే జరిగింది మాట్లాడుకునేటప్పుడు, చెప్పండి, అదీ ముందు మీ పొరపాటుతో మొదలుపెడితే మిగతావాళ్లు తమవి దాచుకోరు. ఇలాంటివి మొదలుపెట్టే ముందు సెక్షన్ కమాండర్, అంటే ఆ హవల్దార్, చెవిన ఒక మాట వెయ్యండి, లేకపోతే కుర్రాళ్లని పోగేసి గ్రూపు కడుతున్నారనుకుంటారు.