పాత సున్నపు గోడకు సిమెంటు వద్దు, రోమన్ల పాళ్లలో పూత ఇలా కలపండి

గుంటూరులో మా తాతగారి ఇల్లు డంగు సున్నంతో కట్టింది. గోడ అడుగున రాలుతోందని సిమెంటు పూత వేయిస్తే రెండు వానాకాలాలకే ఉబ్బి పెచ్చులుగా ఊడింది, ఊడుతూ లోపలి పాత ఇటుకను కూడా లాక్కుపోయింది. సున్నపు గోడ పీల్చిన తేమను మళ్లీ బయటికి వదులుతుంది, సిమెంటు ఆ దారి మూసేస్తుంది.

ముందు సున్నం. పిడుగురాళ్ల బట్టీల్లో కాల్చిన రాయి గడ్డలుగా ఉన్నదే తెచ్చుకోండి, పొడిగా విచ్చిపోయింది వద్దు. ఇనప డ్రమ్ములో ముందు నీళ్లు పోసి అందులో గడ్డలు కొద్దికొద్దిగా వెయ్యండి. గడ్డల మీద నీళ్లు మాత్రం పొయ్యకండి, కుతకుత ఉడికి చిమ్ముతుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు. కళ్లకు రక్షణ అద్దాలు, చేతులకు రబ్బరు గ్లౌజులు తప్పనిసరి, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు. చల్లారాక జల్లెడ పట్టి, పైన నీళ్లు నిలిచేలా ఉంచి కనీసం నెల నాననివ్వండి. మూడేళ్లు నిండని సున్నం గుత్తేదారు వాడకూడదని రోమ్‌లో పాత నియమం ఉండేదని అప్పటి రోమన్ రచయిత ప్లినీ రాశాడు, కాబట్టి నెల అనేది ఎక్కువేం కాదు.

ఇక అసలు రహస్యం ఇటుక పొడి. మామూలు సున్నం గాలి తగిలితేనే గట్టిపడుతుంది. రోమన్లు నేపుల్స్ దగ్గరి పొజ్జువోలి ప్రాంతపు అగ్నిపర్వత బూడిద కలిపారు, అందులోని సిలికా, అల్యూమినా సున్నంతో కలిసి నీళ్లలో కూడా బిగుసుకుంటాయి, సముద్రంలో రేవులు కట్టింది దాంతోనే. రోమ్‌లోని పాంథియాన్ అనే పాత గుడికున్న 43 మీటర్ల వెడల్పు గుమ్మటం ఒక్క ఇనప ఊచ లేకుండా సుమారు 1900 ఏళ్లుగా నిలబడే ఉంది! ఆ బూడిద మనకు దొరకదు కానీ మెత్తగా దంచిన ఇటుక పొడి, అదే మన సుర్కీ, అదే పని చేస్తుంది. తక్కువ కాలిన ఎర్ర ఇటుక మంచిది, మాడి నల్లబడింది పనికిరాదు.

పాళ్లు రోమన్ ఇంజినీరు విట్రూవియస్ చెప్పినవే: నది ఇసుకైతే రెండు పాళ్లకు ఒక పాలు సున్నం, ఆ ఇసుకలో మూడో వంతు దంచిన మట్టి పెంకు. మనది కృష్ణ ఇసుక కాబట్టి నేను సున్నం మూడు బకెట్లు, ఇసుక నాలుగు, ఇటుక పొడి రెండు కలిపాను. నీళ్లు ఎక్కువ పొయ్యకండి, మేస్త్రీ తొందరపడినా సరే బాగా దంచి కలపాలి.

గోడను ముందు రోజే తడిపి, అర అంగుళం మించకుండా పూయండి. మన ఎండకు ఒక్క పూటలో పగుళ్లిస్తుంది, అందుకే ఏప్రిల్, మే నెలల్లో ఈ పని పెట్టుకోవద్దు, ఏ నెలలోనైనా తడి గోనెపట్టాలు వారం రోజులు వేలాడదీయండి. మిగిలిన సున్నం ముద్దను నీళ్ల కిందే ఉంచి మూత పెడితే వచ్చే ఏడు ఇంకా బాగా పనికొస్తుంది.