అప్‌లోడ్ నడుస్తున్నా ఆఫీసు కాల్ తెగకుండా: రౌటర్‌లో ఎస్‌క్యూఎం

విశాఖ మధురవాడలో ఒక ఫ్లాటు, 100 ఎంబీపీఎస్ ఫైబర్. ఎవరి ఫోనో ఫొటోలు బ్యాకప్ మొదలెట్టగానే ఆఫీసు కాల్‌లో మాట ముక్కలైపోతుంది. దీనికి పెద్ద ప్లాన్ మందు కాదు. అప్‌లోడ్ నిండితే ప్యాకెట్లు (డేటా ముక్కలు) ఫైబర్ బాక్సులో క్యూ కడతాయి, కాల్ ప్యాకెట్ ఆ క్యూ చివర పడుతుంది. స్పీడు కాస్త వదులుకుని ఆ క్యూని మన రౌటర్‌లోకి లాక్కోవాలి. ఆ పని చేసేదే ఎస్‌క్యూఎం (స్మార్ట్ క్యూ మేనేజ్‌మెంట్). అప్పుడే ఎవరిని ముందు పంపాలో రౌటర్ చేతిలో ఉంటుంది. స్పీడు పరిమితి పెట్టకుండా గేమింగ్‌కి, వీడియోకి ప్రయారిటీ టిక్కులు పెట్టడం వృథా.

ముందు కొలవండి. ల్యాప్‌టాప్‌ని లాన్ కేబుల్‌తో కలిపి, రాత్రి తొమ్మిదింటప్పుడు 1.1.1.1 అనే సర్వర్‌కి పింగ్ (ప్యాకెట్ వెళ్లి తిరిగొచ్చే సమయాన్ని కొలిచే ఆదేశం) ఆపకుండా నడవనిచ్చి, స్పీడ్ టెస్ట్ చేయండి. మామూలుగా 10 మిల్లీసెకన్లుండే పింగ్ 150 దాటిందా, జబ్బు ఇదే. కేబుల్ మీద బాగుండి వైఫైలోనే పెరుగుతుంటే లోపం వైఫైది. దానికి ఈ చిట్కా పనిచేయదు.

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్లలో వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) ఉన్న రౌటర్‌లో సాఫ్ట్‌వేర్ పేజీ నుంచి లూసీ ఎస్‌క్యూఎం ప్యాకేజీ వేసుకుని, నెట్‌వర్క్ మెనూలో ఎస్‌క్యూఎం తెరవండి. పీపీపీఓఈ లాగిన్ (నెట్ కంపెనీ ఇచ్చే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్) రౌటర్‌లోనే ఉంటే ఇంటర్‌ఫేస్‌గా ఆ పీపీపీఓఈ వాన్‌ని (బయటి నెట్ వైపు) ఎంచుకోండి. పొరపాటున లాన్ బ్రిడ్జిని (ఇంటి వైపు) ఎంచుకుంటే అప్‌లోడ్, డౌన్‌లోడ్ తారుమారవుతాయి. డౌన్‌లోడ్, అప్‌లోడ్ పెట్టెల్లో దేనికది కొలిచిన స్పీడులో 90 శాతం ఇవ్వండి. 92 ఎంబీపీఎస్ వస్తే 83000. ఈ పెట్టె కిలోబిట్లలో ఉంటుంది, 83 అని రాస్తే నెట్ దాదాపు ఆగిపోతుంది. మిగతా పెట్టెల్లో ఇవి పెట్టండి: క్యూ డిసిప్లిన్ (క్యూని నడిపే పద్ధతి) కేక్, స్క్రిప్ట్ పీస్ ఆఫ్ కేక్, లింక్ లేయర్ ఈథర్‌నెట్, ఓవర్‌హెడ్ (ఒక్కో ప్యాకెట్‌కి తోడయ్యే అదనపు బైట్లు) 44.

అన్నీ పెట్టినా తేడా కనిపించకపోతే ఫైర్‌వాల్ పేజీలో ఫ్లో ఆఫ్‌లోడింగ్ చూడండి. హార్డ్‌వేర్ ఆఫ్‌లోడ్ ఆన్‌లో ఉంటే ప్యాకెట్లు ప్రాసెసర్‌ని తప్పించుకుపోతాయి, ఎస్‌క్యూఎం వాటిని చూడనే చూడదు. టిక్ తీసేయండి. తీశాక స్పీడు మరీ పడిపోతే ప్రాసెసర్ చాలట్లేదని అర్థం. క్యూ డిసిప్లిన్‌ని ఎఫ్‌క్యూ కోడెల్‌కి, స్క్రిప్ట్‌ని సింపుల్‌కి మార్చండి. అదీ మోయలేకపోతే డౌన్‌లోడ్‌లో 0 పెట్టి, అప్‌లోడ్‌నొక్కదాన్నే అదుపు చేయండి. కాల్స్‌కి ఎక్కువగా అడ్డుపడేది అదే.

పింగ్ నిలకడగా ఉంటే స్పీడు పరిమితి అంకెని 2 శాతం చొప్పున పెంచుతూ, పింగ్ ఎగబాకిన చోట ఒక మెట్టు దిగండి.

తుపానుకి కేబుల్ తెగి 4జీ మీదికి మారినప్పుడు ఈ సెట్టింగ్ వర్తించదు. 4జీ ఇంటర్‌ఫేస్‌కి వేరే ఎంట్రీ రాసి, అక్కడ కొలిచిన వాటిలో అతి తక్కువ స్పీడుని ఆధారం చేసుకోండి.