పిల్లల జుట్టులో ఖనిజాల పరీక్ష: కత్తెర పెట్టేముందు, రిపోర్టు వచ్చాక

జుట్టు శాంపిల్స్ తీయడం నా ఉద్యోగం. మెషీన్ ఎంత ఖరీదైనదైనా, కత్తెర దగ్గర తేడా వస్తే అంకెలకు విలువ ఉండదు.

జుట్టు నెలకు సుమారు 1 సెంటీమీటరు పెరుగుతుంది. అంటే మాడుకు దగ్గరున్న 3 సెంటీమీటర్లలో ఉండేది ఇటీవలి మూడు నెలల లెక్క. కొసలు పనికిరావు, ఎండా నీళ్లూ షాంపూలూ వాటికి అప్పటికే బాగా పట్టి ఉంటాయి. తల వెనక, మెడకు కాస్త పైన, పైజుట్టు ఎత్తి పట్టుకుని కింది పొరలో మూడు నాలుగు చోట్ల సన్నని పాయలు తీయండి. స్టీలు కత్తెరను మాడు పక్కనే పెట్టి కత్తిరించాలి, పీకకూడదు. మొదలు వైపు దారం కట్టి కాగితం కవరులో వేయండి. ఆ దారం మర్చిపోతే ఏది మొదలో ఏది కొసో చెప్పడం ఎవరి తరమూ కాదు.

చుండ్రు షాంపూ వాడుతుంటే ముందే చెప్పండి. కొన్నింటిలో జింక్ పైరిథియోన్, మరికొన్నింటిలో సెలీనియం సల్ఫైడ్ ఉంటుంది. అది జుట్టుకు అంటుకుని ఉంటే, పిల్లాడు తినని జింక్ కూడా రిపోర్టులో కనిపిస్తుంది.

ఇక అసలు తిరకాసు. 1972లో అమెరికాలోని డెన్వర్‌లో పిల్లల డాక్టర్ హాంబిడ్జ్ బృందం జుట్టులో జింక్ బాగా తక్కువున్న కొందరు పిల్లల్లో ఆకలి, ఎదుగుదల, రుచి తెలియడం తగ్గినట్టు గుర్తించింది. అలాగని తక్కువ అంకె అంటే లోపం, మంచి అంకె అంటే ఆరోగ్యం అనుకోకండి. పోషకాహార లోపం మరీ ముదిరితే జుట్టు పెరగడమే మందగిస్తుంది. అప్పుడు ఉన్న కొద్ది జింకూ ఆ కాస్త జుట్టులోనే చేరి అంకె నార్మల్‌గానో, ఎక్కువగానో వస్తుంది. పైగా 2001లో వెలువడిన ఒక అమెరికన్ పరిశీలనలో ఒకే మనిషి జుట్టును ఆరు ల్యాబ్‌లకు పంపితే ఫలితాలకు పొంతన కుదరలేదు.

అందుకే రిపోర్టు చూసి టెన్షన్ పడి టానిక్ కొనకండి. 4-8 ఏళ్ల పిల్లలకు అమెరికా ప్రమాణాల ప్రకారం రోజుకు 5 మిల్లీగ్రాముల జింక్ చాలు, గరిష్ఠ పరిమితి 12. ఎక్కువైన జింక్ రాగిని ఒంటబట్టనివ్వదు. పప్పులు, గింజలు నానబెట్టినా, మొలకెత్తించినా జింక్‌ను పట్టి ఉంచే ఫైటేట్లు తగ్గుతాయి. మాంసం, గుడ్లు తినే ఇళ్లలో ఆ ఇబ్బంది తక్కువ.

డాక్టర్ దగ్గరికి జుట్టు రిపోర్టు ఒక్కటే పట్టుకెళ్లకండి, ఎత్తు, బరువు నెలవారీగా రాసిన కార్డు కూడా తీసుకెళ్లండి. ఐరన్ సంగతి తేలాలంటే మాత్రం రక్తంలో ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ప్రోటీన్) చూడాల్సిందే.