లగ్నపత్రిక మధ్యలో నీలి తెర

మాఘమాసం వచ్చిందంటే మా డీటీపీ వాళ్లకి అన్నం తినే తీరిక ఉండదు. తెనాలిలో నాదో చిన్న షాపు. ఒక లాప్‌టాప్, ఒక ప్రింటరు, ఒక జిరాక్స్ మిషను. పోయిన మాఘంలో ఒక పెద్దాయన మనవరాలి పెళ్లి కార్డు ప్రూఫు చూసుకుంటూ నా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "జ్యేష్ఠ పుత్రిక కాదమ్మా, ద్వితీయ పుత్రిక" అని ఆయన అంటున్నారు, నేను దిద్దుతున్నాను. ఇంతలో తెరంతా నీలం అయిపోయింది. ఏడుపు మొహం బొమ్మ, కింద ఇంగ్లీషులో ఏదో, శాతం అంకెలు పెరిగి పెరిగి దానంతట అదే రీస్టార్ట్ అయింది. "కరెంటు పోయిందా అమ్మా?" అన్నారు పెద్దాయన.

ఆ వారంలో అలా ఆరుసార్లు జరిగింది. అందరూ చేసే పనే నేనూ చేశాను: ఫార్మాట్. ఫాంట్లు, కార్డులు డిజైన్ చేసే కోరల్, ప్రింటర్ డ్రైవరు (ప్రింటరుని విండోస్‌తో కలిపే ప్రోగ్రామ్) అన్నీ మళ్లీ ఎక్కించుకునేసరికి ఒక రోజు పోయింది. రెండో రోజే మళ్లీ నీలం. మళ్లీ ఫార్మాట్. ఈసారి విండోస్ ఎక్కుతూ ఎక్కుతూ మధ్యలో ఫైలు పాడైందని ఆగిపోయింది. అసలు సంగతి అక్కడే దొరకాలి, నాకు తట్టలేదు. అప్పుడు హైదరాబాద్‌లో ఉన్న మా అక్క కొడుక్కి ఫోన్ చేస్తే వాడు అడిగిన మొదటి మాట: "పిన్నీ, కోడ్ ఏం వచ్చింది?" నేను ఒక్కసారి కూడా చూసుకోలేదు.

కాబట్టి మీరు మొదట చేయాల్సింది ఆ కోడ్ చదవడానికి టైము సంపాదించుకోవడం. స్టార్ట్‌లో "అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్" అని వెతికి తెరవండి. అందులో "స్టార్టప్ అండ్ రికవరీ" పక్కన సెట్టింగ్స్ నొక్కి, ఆటోమేటిక్‌గా రీస్టార్ట్ చేసే టిక్కు తీసేయండి. దాని కిందే "స్మాల్ మెమరీ డంప్" ఎంచుకోండి, ఆగిపోయిన క్షణంలో ఏం జరిగిందో విండోస్ ఒక చిన్న ఫైల్లో రాసిపెడుతుంది. ఇక నీలి తెర వచ్చినప్పుడు మీరు పవర్ బటన్ నొక్కి ఆపేదాకా అలాగే నిలబడి ఉంటుంది. ఫోన్‌తో ఫొటో తీసుకోవచ్చు. 2025 నుంచి విండోస్ 11 కొత్త అప్‌డేట్లలో నీలం పోయి నలుపు వచ్చింది, ఏడుపు మొహమూ క్యూఆర్ కోడూ కూడా పోయాయి. అయినా "స్టాప్ కోడ్" అన్న వరస మాత్రం ఉంటుంది. మీకు కావాల్సింది అదే.

నేను షాపు లెక్కల పుస్తకం చివరి పేజీలో రాయడం మొదలుపెట్టాను. అందులో ఉన్నది ఉన్నట్టు: "సోమవారం 11:20, కోరల్ తెరిచి ఉంది, మెమరీ మేనేజ్‌మెంట్. మంగళవారం 4:05, పాటలు తప్ప ఏమీ లేవు, ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్. బుధవారం 10:40, ప్రింట్ ఇస్తుండగా, పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా. గురువారం మళ్లీ మెమరీ మేనేజ్‌మెంట్." అది ఫోన్లో చదివి వినిపిస్తే మావాడు ఒకటే మాట అన్నాడు: "పిన్నీ, పూటకో కోడ్ వస్తోందంటే ముందు ర్యామ్ చూడాలి, అదే, కంప్యూటర్ పనిచేసేటప్పుడు వాడుకునే మెమరీ. ఎప్పుడూ ఒకటే కోడ్, ఒకటే ఫైలు పేరు వస్తుంటే డ్రైవర్ చూడాలి." నూటికి నూరుపాళ్లు నిలిచే సూత్రం కాదుగానీ, ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం తెలుస్తుంది.

ఏదైనా విప్పేముందు, మార్చేముందు రెండు పనులు చేయాలి. ఒకటి, ఫైళ్లు బయట హార్డ్ డిస్క్‌లోకి కాపీ. రెండోది చాలామందికి తెలియదు: బిట్‌లాకర్ కీ. కొత్త లాప్‌టాప్‌లలో డిస్కుకి మనకి తెలియకుండానే తాళం పడి ఉండొచ్చు. బయోస్‌లో (విండోస్ కన్నా ముందు నడిచే లాప్‌టాప్ సెట్టింగుల్లో) ఏదైనా మార్చినా, సేఫ్ మోడ్‌కి (కనీస డ్రైవర్లతోనే విండోస్ తెరుచుకునే పద్ధతికి) వెళ్లినా 48 అంకెల కీ అడగొచ్చు. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో లాగిన్ అయి చూస్తే అక్కడ దొరుకుతుంది. ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి. అడిగినప్పుడు వెతుక్కోవడమంత టెన్షన్ ఇంకోటి లేదు.

ఇక ర్యామ్. విండోస్‌లోనే మెమరీ డయాగ్నస్టిక్ అని ఒకటుంది. స్టార్ట్‌లో ఆ పేరు కొడితే వస్తుంది. రీస్టార్ట్ అయి పరీక్ష మొదలుకాగానే ఎఫ్1 నొక్కి "ఎక్స్‌టెండెడ్" ఎంచుకోవాలి. నేను అది తెలియక మామూలు పరీక్షే పెట్టాను. ఏ తప్పూ లేదని చెప్పింది. నమ్మాను. ఇంకో మూడు రోజులు వృథా అయ్యాయి.

నమ్మదగినది మెమ్‌టెస్ట్86. దాన్ని దాని సొంత సైట్ నుంచే దించుకుని ఒక ఖాళీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి (పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ పోతాయి, చూసుకోండి). లాప్‌టాప్ ఆన్ అవుతుండగా ఎఫ్12 గానీ, ఎఫ్9 గానీ, ఎస్కేప్ గానీ నొక్కితే బూట్ మెనూ వస్తుంది. ఏ బటన్ అన్నది కంపెనీని బట్టి మారుతుంది. పెన్‌డ్రైవ్ ఎంచుకుని వదిలేయండి. ఉచిత వెర్షన్ నాలుగు సార్లు మొత్తం ర్యామ్‌ని తిరగేస్తుంది, గంటలు పడుతుంది, రాత్రి షాపు కట్టేటప్పుడు పెట్టి వెళ్లడం మేలు. ఛార్జర్ పెట్టి ఉంచండి. ఒక్క ఎర్ర గీత వచ్చినా అది తప్పే. ఒకటే కదా అని సర్దుకుపోవద్దు.

నా దాంట్లో రెండు ర్యామ్ ముక్కలున్నాయి. ఒక 8 జీబీ లాప్‌టాప్‌తో వచ్చింది, ఇంకో 8 జీబీ తర్వాత నేను కొని వేయించింది. ఏది చెడ్డదో తేలాలంటే ఒక్కొక్కటీ విడిగా పరీక్షించాలి. లాప్‌టాప్ పూర్తిగా ఆపి, ఛార్జర్ తీసి, వెనక మూత విప్పి, ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. ఇది మాత్రం మర్చిపోకండి. ఒంట్లో కరెంటు పోయేలా ఏదైనా లోహాన్ని ఒకసారి తాకండి. ర్యామ్ ముక్కకి రెండు వైపులా చిన్న కొక్కేలుంటాయి. రెండింటినీ ఒకేసారి బయటికి నెడితే ముక్క దానంతట అదే ఏటవాలుగా పైకి లేస్తుంది. అంచులు పట్టుకుని లాగాలి, బంగారు రంగు పళ్ల మీద వేలు పెట్టకూడదు. మా షాపులో కాగితం పొట్టు ఎక్కడికైనా దూరుతుంది. ఆ పళ్ల మీద సన్నగా బూడిదరంగు పొర కనిపించింది. తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి బ్రష్‌తో దులిపి మళ్లీ పెట్టాను. పెట్టేటప్పుడు ఏటవాలుగానే లోపలికి పూర్తిగా నెట్టి, ఆ తర్వాత కిందికి నొక్కాలి. టక్కుమని శబ్దం రావాలి. చాలాసార్లు ఈ రబ్బరు పనితోనే సమస్య తీరిపోతుందట. నాకు తీరలేదు.

పెన్నుతో ఒకదాని మీద "పా", ఇంకోదాని మీద "కొ" అని రాసుకున్నాను. "పా" ఒక్కటే పెట్టి నాలుగు రౌండ్లు: ఒక్క తప్పూ లేదు. "కొ" ఒక్కటే అదే స్లాట్‌లో: ఏడు నిమిషాలు తిరిగేసరికి తెరంతా ఎరుపు. పక్క స్లాట్‌లో పెట్టి చూశాను, అక్కడా ఎరుపే. కాబట్టి ముక్కే చెడ్డది. రెండు ముక్కలూ ఒకే స్లాట్‌లో తప్పు చూపించి ఉంటే స్లాట్‌ని, బోర్డుని అనుమానించాలి, అది మన చేతి పని కాదు. కొన్ని సన్నటి లాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది. అక్కడ పరీక్ష చేయడం వరకే మన వంతు.

రెండో ఫార్మాట్ మధ్యలో ఎందుకు ఆగిందో అప్పుడు అర్థమైంది. చెడ్డ ర్యామ్ గుండా వెళ్లిన ఫైలు తప్పుగా రాయబడుతుంది. అందుకే ర్యామ్ సంగతి తేలకుండా ఫార్మాట్ గానీ రిపేరు గానీ చేయకండి, పాడు మీద పాడు. చెడ్డ ముక్క తీసేశాక కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, విండోస్ సొంత ఫైళ్లని సరిచేసే రెండు కమాండ్లు, ముందు "డిస్మ్" రిపేరు, తర్వాత "ఎస్ఎఫ్‌సి స్కాన్‌నౌ" నడిపాను. పాడైన ఫైళ్లు దొరికాయని, బాగుచేశానని అదే చెప్పింది.

మీకు ప్రతిసారీ ఒకే కోడ్ వస్తుంటే దారి వేరు. సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల "మినీడంప్" అని ఉంటుంది. బ్లూస్క్రీన్‌వ్యూ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ ఆ ఫైళ్లని చదివి ఏ డ్రైవర్ దగ్గర పడిందో చూపిస్తుంది. పేరు "ఎన్‌వీ"తో మొదలైతే తరచుగా ఎన్‌విడియా గ్రాఫిక్స్, "ఐజీడీ" అయితే ఇంటెల్ గ్రాఫిక్స్, "ఆర్‌టీ" అయితే చాలావరకు రియల్‌టెక్ వాళ్ల వైఫై, సౌండ్ లాంటివి. "ఎన్‌టీఓఎస్ కెర్నల్" అని చూపిస్తే మాత్రం దాన్ని తిట్టకండి, అది విండోస్ సొంత ముఖ్య ఫైలు, దొంగతనం జరిగిన ఇల్లు, దొంగ కాదు. డ్రైవర్ ఈమధ్యే అప్‌డేట్ అయి ఉంటే డివైస్ మేనేజర్‌లో "రోల్ బ్యాక్" నొక్కండి. లేకపోతే లాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మీ మోడల్ నంబర్‌కి ఉన్న డ్రైవరే వేయండి. డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్కుతో అప్‌డేట్ చేస్తామనే ప్రోగ్రామ్‌ల జోలికి పోవద్దు.

రెండు యాంటీవైరస్‌లు ఉంటే ఒకటి తీసేయండి. అవి విండోస్ గుండెకాయ దగ్గర పనిచేస్తాయి. 2024 జులై 19న ఒక సెక్యూరిటీ కంపెనీ పంపిన తప్పు అప్‌డేట్‌కి ప్రపంచమంతా దాదాపు 85 లక్షల కంప్యూటర్లు నీలి తెరకి పోయాయి. హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు.

"కెర్నల్ డేటా ఇన్‌పేజ్ ఎర్రర్" వస్తే ముందు డిస్కుని అనుమానించండి. డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్‌ఫో పెట్టి చూడండి, "గుడ్" కాక "కాషన్" అని పసుపు వస్తే ఆ రోజే ఫైళ్లు కాపీ చేసుకుని కొత్త ఎస్ఎస్‌డీ చూసుకోండి. వేడి సంగతంటారా, వేడెక్కిన లాప్‌టాప్ నీలం కన్నా ఎక్కువగా టక్కున ఆగిపోతుంది. అయినా ఫ్యాన్ రంధ్రాలు శుభ్రం చేయడంలో నష్టం లేదు. నా దాంట్లోంచి చిటికెడు కాగితం పొట్టు వచ్చింది.

ఇవన్నీ చేసినా తేలకపోతే రిపేరు షాపుకి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు "ఆగిపోతోంది" అనకుండా ఆ కోడ్ల చీటీ చేతిలో పెట్టండి. చీటీ లేకపోతే వాళ్లు చేసేదీ ఫార్మాటే.

నేను ఒక వారం 8 జీబీ మీదే నడిపాను. కోరల్ నత్తలా కదిలింది గానీ నీలం రాలేదు. పెద్దాయన కార్డు ద్వితీయ పుత్రికతోనే అచ్చయింది. చెడ్డ ముక్కకి వారంటీ ఇంకా ఉంది, బిల్లు తీసి చూస్తే థర్మల్ కాగితం, అక్షరం కూడా మిగలకుండా తెల్లబడిపోయింది. చేసేది లేక ఇంకోటి కొన్నాను. కొత్త బిల్లుని మా మిషను మీదే రెండు జిరాక్సులు తీసి, ఒకటి లెక్కల పుస్తకంలో అంటించాను.