హోమ్‌స్టేలో సామాను దించకముందే ఒక వీడియో

అరకు, లంబసింగి వైపు చలికాలంలో ఇల్లు అద్దెకు తీసుకుంటే ఎదురయ్యే తలనొప్పి తెలిసిందే. ఫొటోల్లో ఒకటి, వెళ్లి చూస్తే ఇంకొకటి. పైగా ఖాళీ చేసేటప్పుడు, ఎప్పుడో విరిగిన కుర్చీ మనమే విరగ్గొట్టామని అడ్వాన్సులో కోత. పోయినేడు మాకలా 1,500 రూపాయలు పోయాయి.

ఈసారి బ్యాగులు, పిల్లలు కారులోనే. నేనొక్కణ్ణే లోపలికెళ్లి ముందు గీజర్ స్విచ్ వేశాను. గుమ్మం దగ్గర మొదలుపెట్టి, మధ్యలో ఆపకుండా 3 నిమిషాల వీడియో తీశాను: తలుపుల గడియలు, ఫ్లష్, దుప్పట్లు, పరుపు ఎత్తి దాని కింద కూడా (అక్కడ ఏం కనిపించిందో చెప్పను, భోజనాల వేళ). మరకలు, పగుళ్ల దగ్గర కాస్త ఆగి దగ్గరగా చూపించాలి. 10 నిమిషాలయ్యాక వేడినీళ్ల కుళాయి తిప్పి ఇంకో చిన్న క్లిప్. రెండూ ఓనర్‌కి వాట్సాప్ చేసి, కింద "ఇప్పుడే దిగాం. వేడినీళ్లు రావట్లేదు, బాత్రూం గడియ ఊడింది" అని రాశాను. గంటలో గది మార్చారు, వచ్చేటప్పుడు అడ్వాన్సు పూర్తిగా ఇచ్చారు.

ఒక్క సంగతి. అడ్వాన్సు వాచ్‌మన్ చేతిలో నగదుగా పెడితే ఈ వీడియో పెద్దగా పనికిరాదు, అసలు తీసుకోలేదంటారు. ఓనర్‌కే ఫోన్‌పే చేయండి. కొండల్లో సిగ్నల్ లేకపోతే వీడియో మాత్రం అప్పుడే తీసి, సిగ్నల్ దొరికిన చోట అదే రోజు పంపేయాలి. మర్నాడు పంపితే ఎవరూ నమ్మరు.