కిడ్నీ మార్పిడికి ముందు, తర్వాత టీబీ విషయంలో పాటించవలసిన జాగ్రత్తలు

కిడ్నీ మార్పిడి కోసం విజయవాడ, గుంటూరు ఆసుపత్రులకు వచ్చే కుటుంబాలు రక్తం గ్రూపు గురించి ఎంత ఆత్రంగా అడుగుతాయో, ఇంట్లో ఎవరికైనా ఎప్పుడైనా టీబీ వచ్చిందా అన్న సంగతిని కూడా అంత శ్రద్ధగానూ గుర్తు చేసుకోవాలి. ఏళ్ల తరబడి ఒంట్లో నిద్రాణంగా ఉన్న క్రిమి, కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా వాడే మందుల వల్ల రోగనిరోధక శక్తి తగ్గగానే విజృంభించవచ్చు. ఇప్పుడు ఎయిమ్స్ ఉన్న మంగళగిరిలో ఒకప్పుడు టీబీ శానిటోరియం ఉండేది. తాతగారు అక్కడ చికిత్స తీసుకున్నారన్న పాత మాటను సైతం దాచకుండా డాక్టరుకు చెప్పండి.

దాతకూ గ్రహీతకూ ఛాతీ ఎక్స్‌రేతో పాటు, నిద్రాణ టీబీని పట్టే మాంటూ పరీక్ష (చేతి చర్మంలోకి సూదిమందు ఇచ్చి చూసేది) గానీ ఇగ్రా రక్తపరీక్ష గానీ చేస్తారు. మాంటూలో ఎర్రదనాన్ని కాక గట్టిపడిన వాపునే కొలుస్తారు. గ్రహీతకు అది 5 మిల్లీమీటర్లున్నా పాజిటివ్‌గానే తీసుకుంటారు. డయాలసిస్‌లో ఉన్నవారికి క్రిమి ఉన్నా ఈ పరీక్షలు నెగెటివ్ రావచ్చు కాబట్టి, ఆ ఒక్క కాగితంతో నిశ్చింతగా ఉండకూడదు.

దాతకు టీబీ జబ్బుగా ఉంటే చికిత్స పూర్తయ్యేదాకా దానం కుదరదు. నిద్రాణంగా మాత్రమే ఉంటే దానానికి అది అడ్డంకి కాదు. మరణించిన దాత నుంచి రాష్ట్ర ప్రభుత్వ అవయవదాన పథకమైన జీవన్‌దాన్ ద్వారా అవయవం అందినప్పుడు, దాత నమూనాల కల్చర్ (ల్యాబులో క్రిమిని పెంచి చూసే పరీక్ష) ఫలితం కొన్ని వారాల తర్వాత రావచ్చు కాబట్టి మీ ఫోన్ నంబరు మారితే ఆసుపత్రికి వెంటనే తెలియజేయాలి. నిద్రాణ టీబీ జబ్బుగా మారకుండా నివారణకు సాధారణంగా ఐసోనియాజిడ్ అనే టీబీ మందును 9 నెలలు ఇస్తారు. అరికాళ్ల తిమ్మిర్లు రాకుండా దానితో పాటు బి6 విటమిన్ మాత్ర తప్పక వేసుకోవాలి.

మార్పిడి తర్వాత దగ్గు లేకుండానే టీబీ రావచ్చు. తగ్గని జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం కనిపిస్తే మామూలు జ్వరమని మందుల షాపు మాత్రలతో సరిపెట్టుకోవద్దు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టేది రిఫాంపిసిన్ అనే టీబీ మందు. టీబీ కేంద్రంలో ఉచితంగా ఇచ్చే, నాలుగు మందులు కలిపిన మాత్రలో అది కూడా ఉంటుంది. కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా వాడే టాక్రోలిమస్ అనే మందును శరీరం త్వరగా కరిగించేసేలా అది చేస్తుంది. కొద్ది రోజుల్లోనే రక్తంలో ఆ మందు పడిపోయి, కిడ్నీ తిరస్కరణకు గురి కావచ్చు. అందుకే మార్పిడి ఫైలు చేత పట్టుకుని టీబీ కేంద్రానికి వెళ్లండి. కిడ్నీ డాక్టరు టాక్రోలిమస్ మోతాదును కొన్ని రెట్లు పెంచాలో, రిఫాంపిసిన్ బదులు అదే కోవకు చెందిన రిఫాబుటిన్ రాయాలో తేల్చిన తర్వాతే మొదటి మాత్ర వేసుకోండి. టాక్రోలిమస్ స్థాయి చూసే రోజున, రాత్రి 9 గంటలకు మాత్ర వేసుకున్నవారు పొద్దున మాత్రను జేబులోనే ఉంచుకుని ల్యాబుకు వెళ్లి, 9 గంటలకు రక్తం ఇచ్చిన తర్వాత మింగాలి. చికిత్స ముగిసి రిఫాంపిసిన్ ఆపగానే ఇదే మార్పు ఎదురు తిరిగి, దాదాపు 2 వారాల పాటు టాక్రోలిమస్ స్థాయి పెరుగుతూ పోతుంది. మోతాదు సకాలంలో తగ్గించకపోతే ఆ మందే కిడ్నీని దెబ్బతీస్తుంది కాబట్టి, టీబీ నయమైందన్న సంతోషంలో ఆ రోజుల రక్తపరీక్షలు మానవద్దు.