కళాశాల నాణ్యతా విభాగాన్ని ఊరికి అక్కరకు వచ్చేలా నడపడం ఎలా?

విశాఖపట్నంలోని డిగ్రీ కళాశాలల్లో అంతర్గత నాణ్యతా హామీ విభాగం (ఐక్యూఏసీ) సమన్వయ బాధ్యత తీసుకున్న అధ్యాపకులు మొట్టమొదట సభ్యుల జాబితాను చూసుకోవాలి. ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను అంచనా వేసేందుకు 1994లో ఏర్పడిన జాతీయ మండలి న్యాక్. దాని మార్గదర్శకాల ప్రకారం ఇందులో ప్రిన్సిపాల్, అధ్యాపకులతో పాటు స్థానిక సమాజం, విద్యార్థులు, పూర్వ విద్యార్థులు, పరిశ్రమల ప్రతినిధులు కూడా ఉండాలి. మూడు నెలలకు ఒకసారైనా సమావేశం జరగాలి. పోర్టు, షిప్‌యార్డు, ఉక్కు కర్మాగారం, పరవాడ ఫార్మా సిటీ ఉన్నచోట పరిశ్రమ ప్రతినిధి దొరకడం కష్టం కాదు. పెదజాలరిపేట నుంచో, భీమిలి వైపు పల్లెల నుంచో ఒక మహిళా సంఘం సభ్యురాలిని రప్పించడానికే పట్టుదల కావాలి. పరిశ్రమ తన అవసరాన్ని ఎలాగూ చెప్పుకోగలదు కాబట్టి, ఆమె మాటనే ముందు వినాలని నా అభిప్రాయం.

వేసవిలో బోరు నీళ్లు ఉప్పగా వస్తున్నాయని ఆమె చెప్పారనుకుందాం. ఆ ఫిర్యాదును మినిట్స్ పుస్తకంలో ఆమె మాటల్లోనే రాయించి, రసాయన శాస్త్ర విభాగానికి అప్పగించి, విద్యార్థుల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుగా మలచాలి. విద్యార్థులు ప్రతి బోరు దగ్గరా సీసాను ఆ నీటితోనే రెండు మూడు సార్లు కడిగి నింపి, దానిపై తేదీ, చోటు, బోరు లోతు రాయాలి. ల్యాబులో, పొటాషియం క్రోమేట్ కలిపి పసుపు రంగుకు తిరిగిన నమూనాలోకి సిల్వర్ నైట్రేట్‌ను చుక్కచుక్కగా వదులుతూ, ఇటుక ఎరుపు చెదరకుండా నిలిచినప్పుడు ఆపితే, ఉప్పదనాన్ని తెలిపే క్లోరైడు లెక్క తేలుతుంది. తాగునీటిలో క్లోరైడుకు భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) నిర్దేశించిన పరిమితి లీటరుకు 250 మిల్లీగ్రాములు. వేరే నీటి ఆధారం లేనప్పుడు 1000 వరకు అనుమతి ఉంది.

ప్రతి నమూనాను రెండుసార్లు పరీక్షించాలి, డిస్టిల్డ్ వాటర్‌తో కూడా పోలిక కోసం ఒకసారి చేసి చూడాలి. నాణ్యత అనే మాటకు అసలు అర్థం ఆ రెండోసారి చేసే పరీక్షలోనే ఉంది. ప్రాక్టికల్ రికార్డులో పక్కవారి రీడింగు దించుకోవడానికి అలవాటుపడిన విద్యార్థి కూడా, తాను రాసే అంకెను నమ్మి ఒక ఇల్లు నీళ్లు తాగుతుందని తెలిసినప్పుడు బ్యూరెట్‌ను (ద్రావణాన్ని కొలిచి చుక్కలుగా వదిలే గాజు గొట్టాన్ని) మళ్లీ నింపుతాడు.

ఫలితాలను ఒక్క పేజీలో, తెలుగులో, ముందుగా ఆ మహిళా సంఘానికి అందజేయాలి. తర్వాత వార్డు సచివాలయానికి పంపాలి. వార్షిక నాణ్యతా నివేదిక, జియోట్యాగ్ (తీసిన చోటు నమోదైన) ఫొటోల సంగతి ఆ తర్వాతే చూసుకోవచ్చు. తదుపరి సమావేశంలో మొదటి అంశంగా ఆమెనే అడిగి, ఏం మారిందో, ఏం మారలేదో పాత ఫిర్యాదు కిందనే రాయించాలి.